తాతముత్తాతలు దిగిన ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, రావులపాలెం, నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఇళ్ళల్లో ఉన్న పాత ఫోటోలు స్కాన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. నేను ఫోటోగ్రాఫర్‌ని కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణీ కాను, ఇష్టం కొద్దీ చేస్తున్న పని. ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ వచ్చేలోపు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే, అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. తొలినాటి స్టూడియోల సంగతి, వాటిలో కూర్చున్న మహామహుల సంగతి, మీ ట్రంకు పెట్టె అడుగున ఉన్న, ఫోటో అంటించిన అట్ట సంగతి, మూడూ కలిపే చెబుతాను. జమీందారుగారు కూర్చున్న కుర్చీలోనే మర్నాడు ఏ కరణంగారో కూర్చుని ఉంటారు. కెమెరా ఇద్దరినీ ఒక్కలాగే చూసింది. ఒకరి పేరు పుస్తకాలకెక్కింది, రెండో ఆయన పేరు ఫోటో వెనక రాసిన నాథుడు లేడు. నా తాపత్రయమంతా ఆ రెండో ఆయన కోసమే.

ఫోటో స్టూడియోలు అసలు ఎప్పుడు పుట్టాయి?

1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగెర్ అనే ఆయన ఫోటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడేది. ఒకసారి తీస్తే ఒక్కటే, కాపీలు ఉండవు. 1841లో లండన్‌లో రిచర్డ్ బియర్డ్ అనే ఆయన ఒక భవనం పైకప్పు మీద అద్దాల గది వేయించి స్టూడియో తెరిచాడు. ఇంగ్లండులో జనం డబ్బిచ్చి ఫోటో దిగడం అక్కడే మొదలు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద నెగటివ్ తీసే తడి కొలోడియన్ పద్ధతి తెచ్చాడు. మనకి గుర్తుండేలా చెప్పాలంటే, ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది కదా, సరిగ్గా ఆ రోజులే. ఆర్చర్ దానికి పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా వాడుకోనిచ్చాడు. తను మాత్రం పేదవాడిగానే పోయాడు. ఈ రంగంలో నేను దణ్ణం పెట్టే మొదటి మనిషి ఆయనే.

1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫోటోగ్రాఫర్ ఒకే గాజు పలక మీద ఎనిమిది దాకా చిన్న బొమ్మలు తీసి, ముక్కలు చేసి, విజిటింగ్ కార్డంత అట్టకి అంటించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అక్కడితో ధర పడిపోయింది, మామూలు ఉద్యోగస్తుడికి కూడా ఫోటో అందుబాటులోకి వచ్చింది. ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ 1859లో యుద్ధానికి వెళ్తూ సైన్యాన్నంతా వీధిలో ఆపి డిస్డేరి దగ్గర ఫోటో దిగాడని ఒక కథ చెబుతుంటారు, అది కట్టుకథ, నమ్మకండి. అసలు పేరున్నవాళ్ళ ఫోటోలు కొనుక్కుని ఆల్బమ్‌లో పెట్టుకోవడమనే సరదా ఈ కార్డులతోనే మొదలైంది. 1860లో విక్టోరియా రాణి కుటుంబం ఫోటోలు మేయల్ అనే లండన్ ఫోటోగ్రాఫర్ కార్డులుగా వేసి అమ్మితే జనం ఎగబడి కొన్నారు.

మద్రాసులో 1856లోనే ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. ఆ తర్వాత నికొలస్ వాళ్ళు, ఆ శతాబ్దం చివరికి వీలే అండ్ క్లైన్ లాంటి పెద్ద స్టూడియోలు అక్కడ నడిచాయి.

మరి మన గోదావరి వైపు అంత పాతవి ఎందుకు దొరకవు?

తడి కొలోడియన్ అంటే ఏమిటో తెలిస్తే మీకే అర్థమవుతుంది. రసాయనంలో ఊరేసిన దూదిని ఈథర్‌లో, ఆల్కహాల్‌లో కరిగిస్తే జిగురులాంటి ద్రవం వస్తుంది. దాన్ని గాజు పలక మీద పోసి, నాలుగు మూలలకీ పాకేలా వంచి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, చీకట్లోనే కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, పూత ఆరిపోకుండా పది నిమిషాల్లోపు మళ్ళీ చీకటి గదిలోకి పరిగెత్తి కడగాలి. మన ఎండల్లో ఆ పది నిమిషాలు కూడా దొరకవు. పైగా ఊరికి వచ్చి తీయాలంటే గాజు పలకలు, సీసాలు, చీకటి గుడారం, నీళ్ళు, కూలీలు అన్నీ కావాలి. చేతికి అంటిన సిల్వర్ నైట్రేట్ మరక నల్లగా రోజుల తరబడి పోదు, ఆ రోజుల్లో ఫోటోగ్రాఫర్‌ని వేళ్ళు చూసి గుర్తుపట్టొచ్చు.

1871లో మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్‌తో పొడి పలకల దారి చూపించాడు. 1880ల నాటికి అవి పెట్టెల్లో తయారుగా అమ్మకానికి వచ్చాయి. ఇహ చీకటి గుడారం మోయక్కర్లేదు, తీసిన పలక తీరిగ్గా తర్వాత కడుక్కోవచ్చు. దానికి తోడు 1890లలో మన తీరానికి రైలు వచ్చింది. అప్పటిదాకా కొవ్వూరు దగ్గర దిగి స్టీమరు మీద గోదావరి దాటిన జనం, సామాను, 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచాక నేరుగా రాజమండ్రి చేరారు. అక్కణ్ణుంచి లోపలి లంకలకి, కోనసీమకి కాలవల మీద పడవలు ఎటూ ఉన్నాయి. నేను చూసిన ఇళ్ళల్లో 1890లకి ముందువి చాలా తక్కువ. ఉన్న ఒకటీ అరా వెనక మద్రాసు పేరే ఉంటుంది, చదువుకో కోర్టు పనికో వెళ్ళినవాళ్ళు దిగి తెచ్చుకున్నవి.

వాళ్ళెవరూ నవ్వరేంటండీ?

నవ్వు పది సెకన్లు నిలబెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. మొదట్లో రాగిరేకు ఫోటోకి నిమిషాల కొద్దీ కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. గాజు పలక వచ్చాక కొన్ని సెకన్లకి తగ్గింది. తల కదలకుండా వెనకనుంచి పట్టి ఉంచే ఇనప స్టాండు ఉండేది. నిలబడ్డ మనిషి మడమల వెనక చూడండి, పంచె అంచుకీ బూటుకీ మధ్య నల్లటి ఇనప దిమ్మ కనిపిస్తే అదే. నేను మొదటిసారి అది చూసింది ముక్కామల దగ్గర ఒక ఇంట్లో, భూతద్దం పెట్టి. ఇంట్లో అందరూ అరవై ఏళ్ళుగా దాన్ని చేతికర్ర అడుగు అనుకుంటున్నారు.

కానీ పొడి పలకలు వచ్చి ఒక సెకనులో పని అయిపోతున్నా మనవాళ్ళు నవ్వలేదు. ఫోటో దిగడమంటే దస్తావేజు మీద సంతకం పెట్టడమంత గంభీరమైన పని. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని మహా వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్, ఆ శతాబ్దంలో ఆ దేశంలో అందరికంటే ఎక్కువసార్లు ఫోటో దిగిన మనిషి, నూట అరవైకి పైగా ఉన్నాయి. దాదాపు ఒక్కదాంట్లోనూ నవ్వడు. నల్లవాళ్ళని పళ్ళికిలించే బొమ్మలుగా గీసే రోజుల్లో, నేనిదిగో ఇలా ఉంటాను అని సూటిగా చూశాడు. మా తాతగారు రెవెన్యూ తలపాగా పెట్టుకుని కళ్ళు చిట్లించి చూసే ఫోటో పక్కన ఆ ఫోటో పెట్టుకుని చాలాసేపు చూశాను ఒకసారి.

మామ్మ బొట్టు నల్లగా ఉంది, చీర తెల్లగా ఉంది. అప్పటికే తాతగారు పోయారా?

ఈ ప్రశ్న నన్ను కనీసం పాతిక ఇళ్ళల్లో అడిగారు, దయచేసి కాస్త నిదానంగా చదవండి. ఆనాటి పలకలకి నీలం, ఊదా రంగులే బాగా కనిపించేవి. ఎరుపు అసలు కనిపించదు, పసుపు సగమే. అంటే ఎర్రటి కుంకుమ బొట్టు ఫోటోలో నల్లగా పడుతుంది. ఎర్ర పట్టుచీర నల్లచీర అవుతుంది. లేత నీలం చీర తెల్లచీర అయిపోతుంది. పేరంటానికి పసుపు రాసుకున్న ముఖం రాసుకోనివాళ్ళకంటే నల్లగా వస్తుంది, అందుకే స్టూడియోకి వచ్చిన అక్కచెల్లెళ్ళలో ఒకరు అంత ఛాయ తక్కువగా కనిపిస్తారు. అన్ని రంగులూ చూడగలిగే పలకలు 1906 నుంచి అమ్మకంలోకి వచ్చినా, మామూలు స్టూడియోలు పాతరకమే ఇంకా చాలాకాలం వాడాయి, ఎర్రలైటు కింద కడుక్కోవడం సులువు కాబట్టి.

ఒక ఇంట్లో ఇదే గొడవ. ఆ అమ్మది తెల్లచీర కాబట్టి ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయాడని రెండు తరాలుగా చెప్పుకుంటున్నారు, దాని మీద ఒక జాలి కథ కూడా అల్లారు. అట్ట చేతిలోకి తీసుకుని చూస్తే నుదుటి మీద కాసంత నల్లబొట్టు, చేతులకి గాజులు, మెడలో నల్లపూసలు. చీర నీలమై ఉంటుందని చెప్తే ఇంటి పెద్ద కోడలుగారు లేచి లోపలికెళ్ళి భోషాణంలోంచి ఒక చీర ముక్క తెచ్చారు. ఆకాశం రంగు ఉప్పాడ జరీ, బుటాలు కూడా అవే. ఆ రోజు నాకు భోజనం పెట్టి గానీ పంపలేదు.

స్టూడియోల్లో ఫోటో దిగిన గొప్పవాళ్ళు ఎవరెవరు?

జాబితా రాస్తే రామాయణమంత అవుతుంది, నా మనసుకి దగ్గరైనవాళ్ళ గురించి రాస్తాను.

పారిస్‌లో నదార్ ఉండేవాడు. కార్టూన్లు గీసుకునే మనిషి ఫోటోల్లోకి వచ్చాడు. కవి బోదలేర్, నటి సారా బెర్నార్ట్ అందరూ ఆయన ముందు కూర్చున్నవాళ్ళే. 1885లో రచయిత విక్టర్ హ్యూగో పోయినప్పుడు మంచం మీద ఆఖరి ఫోటో తీసింది కూడా నదారే. ఆయన స్టూడియోలో స్తంభాలు, పూలకుండీలు ఉండవు. వట్టి గోడ, పక్కనుంచి వెలుతురు, మనిషి. పోర్ట్రెయిట్ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆ వట్టి గోడే.

జూలియా మార్గరెట్ కామెరాన్ అయితే మన కలకత్తాలో పుట్టిన మనిషి, 1815లో. నలభై ఎనిమిదో ఏట కూతురు కెమెరా బహుమతిగా ఇస్తే అప్పుడు మొదలుపెట్టి కవి టెన్నిసన్‌ని, శాస్త్రవేత్తలు డార్విన్‌ని, హెర్షెల్‌ని తీసింది. వచ్చినవాళ్ళని నిమిషాల తరబడి కూర్చోబెట్టేదిట, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా పట్టించుకునేది కాదు. నాకు ఇప్పుడు యాభై రెండు. ఆవిడ్ని తలుచుకుంటే ధైర్యంగా ఉంటుంది.

న్యూయార్క్‌లో మాథ్యూ బ్రేడీ 1860 ఫిబ్రవరి 27న అబ్రహాం లింకన్‌ని ఫోటో తీశాడు. లింకన్ మెడ మరీ పొడుగు, కాలరు పైకి లాగి మెడ పొట్టిగా కనిపించేలా చేశానని బ్రేడీయే తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఫోటో పత్రికల్లోనూ బిళ్ళల మీదా దేశమంతా తిరిగింది, ఆ ఏడే లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఒక కాలరు సర్దడం వెనక ఎంత ఆలోచన ఉందో చూడండి.

ఇహ మన దేశంలో. 1881 డిసెంబరు 10న కలకత్తా రాధాబజారులో ఒక స్టూడియోకి రామకృష్ణ పరమహంసని భక్తులు తీసుకెళ్ళారు. స్టూడియోలో ఉండే స్తంభం మీద కుడిచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఎంత పెద్ద స్వామి అయినా స్టూడియో స్తంభం తప్పలేదు. గాజుకి మందు పూసి బొమ్మ పట్టడం ఆయనకి చూపిస్తే ఎంతో ముచ్చటపడి, వట్టి గాజు మీద బొమ్మ నిలవదు, మందు పూస్తేనే నిలుస్తుంది, భక్తి లేని మనసు కూడా అలాంటిదే అని అన్నారట. ఆ మర్నాడే, 1881 డిసెంబరు 11న, ఇక్కడ మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఈ రెండు తారీఖులూ పక్కపక్కన ఉన్నాయని గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అక్కడ కెమెరా ఉంది, ఇక్కడ పెళ్ళి ఉంది. ఆ పెళ్ళి పందిట్లో ఒక కెమెరా ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

వివేకానందుడు చేతులు కట్టుకుని నిలబడ్డ బొమ్మ మన ప్రతి హైస్కూల్లోనూ ఉంటుంది. అది 1893లో షికాగోలో థామస్ హారిసన్ అనే ఫోటోగ్రాఫర్ స్టూడియోలో తీసిన ఫోటో. గోడ మీద మీరు చూసేది దాన్ని చూసి వేసిన రంగుల బొమ్మ, ఆ బొమ్మకి ఇంకో బొమ్మ.

దీన్‌దయాళ్ గురించి అడగకుండా ఎవరూ వదలరు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టారు, రూర్కీలో చదువుకుని ప్రభుత్వ పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, రాజా బిరుదు అందుకున్నారు. 1905లో పోయారు. వైస్రాయిలూ నవాబులూ ఆయన ముందు కూర్చున్నవాళ్ళే. తెలుగు నేల మీద ఇంత పెద్ద ఎత్తున పనిచేసిన స్టూడియో ఆ రోజుల్లో ఇంకోటి లేదు.

మన గోదావరి వాళ్ళ సంగతి చెప్పండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అల్లూరి సీతారామరాజు తండ్రి వెంకటరామరాజుగారు వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్. భీమవరం దగ్గర మోగల్లు వాళ్ళది, ఆయన రాజమండ్రిలో ఉండి ఫోటోల పని చేసుకున్నారు. సీతారామరాజు పసితనంలో ఇంట్లో కెమెరా వాసన, ఫోటోలు కడిగే హైపో మందు వాసన ఉండే ఉంటాయని నాకు అనిపిస్తుంది. అయినా ఈరోజు మనం క్యాలెండర్ల మీద, విగ్రహాల్లో చూసే రూపం చాలావరకు చిత్రకారులూ శిల్పులూ ఊహించినదే. ఫోటోగ్రాఫర్ కొడుకుకి కూడా తన ముఖం తనది తనకి మిగల్లేదు, ఇది నన్ను బాగా కదిలించే విషయం.

కొంచెం పక్కకి వెళ్తే మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్యగారు. మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటూ, క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని ఊరూరా బొమ్మలు ఆడించి, గెయిటీ థియేటరు కట్టి, తెలుగు సినిమాకి పితామహుడు అనిపించుకున్నారు. మన సినిమా పుట్టింది స్టూడియో చీకటి గదిలోంచే అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఆడవాళ్ళు స్టూడియోకి వెళ్ళేవారా?

వెళ్ళనిచ్చేవారు తక్కువ. దీన్‌దయాళ్‌గారు 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. మగ పురుగు లోపలికి రాకుండా చుట్టూ ఎత్తయిన గోడలు.

మన దగ్గర ఫోటోగ్రాఫరే ఇంటికి వచ్చేవాడు. మా పెదనాన్న చెప్పేవారు, మండువా లోగిలి అయితే ఫోటోగ్రాఫర్‌కి పండగేనట. నడిమధ్య ఆకాశం, నాలుగువైపులా నీడ, అద్దాల కప్పు వేయించినంత మెత్తటి వెలుతురు. దూలానికి దుప్పటి కట్టి, కింద జంపఖానా పరిచి, పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టేవారు. అట్ట అంచులు జాగ్రత్తగా చూడండి. దుప్పటి అయిపోయిన చోట దూలం మొదలో, ధాన్యం గాదె మూలో కనిపిస్తే అది స్టూడియో కాదు, మీ ఇల్లే. అటువంటి ఫోటో దొరికితే నాకు మహా ఆనందం, ఎందుకంటే ఇప్పుడు ఆ మండువా లేదు, కూలగొట్టి స్లాబ్ వేశారు, దాని గుర్తు ఆ రెండంగుళాల అంచే.

మా తాతమ్మ చేతిలో పుస్తకం ఉంది. ఆవిడ చదువుకున్నారా?

చెప్పలేం. బల్ల, పుస్తకం, పూలగుత్తి, గుండ్రటి గడియారం, అన్నీ స్టూడియో సామానే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కంగారు పడేవాళ్ళకి ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు. మా తాతమ్మ ఫోటోలో పుస్తకం ఉంది, ఆవిడకి అక్షరం రాదు. కానీ బొటనవేలు పేజీ మధ్యలో పెట్టి మూసింది, చదువుతూ చదువుతూ ఎవరో పిలిస్తే ఆపినట్టు. అది ఫోటోగ్రాఫర్ చెప్పి ఉంటాడా, ఆవిడకే తోచిందా? నాకు ఆవిడకే తోచిందని అనుకోవడం ఇష్టం.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని, ముగ్గురు కలిసి దిగకూడదని అనేవారట?

అనేవారు, ఇప్పటికీ అంటారు. మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల ఫోటోలో నాలుగో మనిషిగా పాలేరు కుర్రాణ్ణి నిలబెట్టారు. ఆ ముగ్గురి పేర్లూ అట్ట వెనక ఉన్నాయి. ఆ పిల్లాడి పేరు లేదు. నేను ఆ ఊళ్ళో రెండేళ్ళు అడిగాను.

ఏ ఏడాది ఫోటోనో ఎలా తెలుస్తుంది?

ముందు వెనక్కి తిప్పండి. అట్ట పల్చగా, మూలలు పలకగా ఉంటే పాతది, సుమారు 1870కి ముందుది కావచ్చు. మందంగా, మూలలు గుండ్రంగా, బంగారు గీతతో ఉంటే ఆ తర్వాతది. వెనకవైపు తీగలు, పతకాలు, స్టూడియో పేరు అలంకారంగా అచ్చేసి ఉంటే 1880, 90ల వాటం. విజిటింగ్ కార్డంత ఉంటే చిన్నరకం, అరచెయ్యంత, అంటే నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర పొడవు అట్ట అయితే క్యాబినెట్ కార్డు, అది 1866 ప్రాంతంలో మొదలై 1910ల దాకా నడిచింది. బొమ్మ గోధుమరంగులో, తేనె రంగులో, సన్నటి నెర్రెలతో ఉంటే అది గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. శాకాహారుల ఇళ్ళల్లో ఈ మాట చెప్పకుండా ఉండలేను, నిజం నిజమే. అంచుల్లో ఏటవాలుగా చూస్తే వెండిలా మెరిస్తే జెలటిన్ కాగితం, 1890ల నుంచి ఇటువైపుది.

అట్టనే నమ్ముకోకండి, పాత నెగటివ్‌ని కొత్త అట్టకి వేయించుకోవడం మామూలే. నగలు చూడండి, రవిక చేతులు చూడండి, ఎవరి ఒళ్ళో ఎవరున్నారో చూడండి. ఒళ్ళో పసిబిడ్డ పుట్టిన ఏడు తెలిస్తే సగం లెక్క తేలిపోయినట్టే.

మా తాతగారు ఫలానా నాయకుడి పక్కన నిలబడ్డారని అంటారు. నిజమేనా?

కావచ్చు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి, మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షత. మన జిల్లాల నుంచి వాలంటీర్లుగా ఎంతోమంది వెళ్ళారు, గ్రూపు ఫోటోలు దిగారు. కానీ గెడ్డం ఉన్న ప్రతివాడూ టాగోర్ కాదు, తలపాగా ఉన్న ప్రతివాడూ పంతులుగారు కాదు. అట్ట మీద అచ్చేసిన పేర్లు, చేతిరాత, ఆనాటి ఉత్తరాలు, వీటిలో ఏదో ఒకటి తోడు ఉంటేనే ఒప్పుకుంటాను. ఈ విషయంలో నా మీద కోపం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. తాతగారు గొప్ప మనిషే, పక్కన గొప్పవాడు ఉన్నా లేకపోయినా.

ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, తీయొచ్చా?

వద్దు. నా చేతులతో చేసిన పాపం చెబుతాను. 1996 నవంబరు 6 తుఫానుకి మా పెంకులన్నీ లేచిపోయాయి, గోడకున్న పటాల్లోకి నీళ్ళు దిగాయి. ఆరాక అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళినాటి ఫోటో అద్దానికి పట్టేసింది. నేను కుర్రతనంలో, బ్లేడుతో మూలనుంచి లేపాను. కొంత వచ్చింది. తర్వాత ఒక్కసారిగా అమ్మమ్మ ముఖం మొత్తం అద్దం మీద ఉండిపోయి, చేతిలోకి తెల్లకాగితం వచ్చింది. అమ్మమ్మ ఏమీ అనలేదు, అద్దం తీసుకుని కొంగుతో చుట్టి దాచుకుంది. తడిసిన జెలటిన్ జిగురులా మారి గాజుని పట్టుకుంటుంది, దాన్ని ఇంట్లో విడదీయడం మనవల్ల కాదు. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీదనుంచే స్కాన్ చేయించండి. నీళ్ళతో కడగొద్దు, ఆవిరి పట్టొద్దు, లామినేషన్ చేయించనే వద్దు. చిరిగితే ప్లాస్టిక్ టేపు అంటించకండి, పదేళ్ళకి ఆ జిగురే పసుపు మరక అవుతుంది.

ఇంట్లో ఎలా దాచాలి, ఎలా స్కాన్ చేయాలి?

మన తేమలో బూజు, చెదలు రెండూ శత్రువులే. వంటింటి గోడకీ, బయటి గోడకీ తగిలించకండి. ఒక్కో ఫోటో మధ్య ఆమ్లం లేని కాగితం పెట్టి, అట్టపెట్టెలో, బీరువా మధ్య అరలో ఉంచండి. కింద అరలో వద్దు, 1986 వరద చూసినవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు. స్కానర్ ఉంటే 600 డీపీఐ (ఎంత వివరంగా పట్టాలో చెప్పే లెక్క), రంగుల్లోనే, టిఫ్ అనే రకం ఫైలుగా, ముందు వెనక రెండూ. ఫోన్ అయితే ఫ్లాష్ ఆపి, ఉదయం పూట వరండా నీడలో, పైనుంచి నిటారుగా.

ఫోన్ యాప్‌తో రంగులు వేయించుకోవచ్చా?

వేయించుకోండి, కానీ అసలుది విడిగా ఉంచండి, పేరులోనే రంగులది అని రాయండి. పైన చీర సంగతి చదివారు కదా. ఆ యాప్‌కి నీలం చీర తెల్లగా ఎందుకు పడిందో తెలియదు, తెల్లగా ఉంది కాబట్టి తెల్లగానే వేస్తుంది, నల్లబొట్టుని నల్లగానే ఉంచుతుంది. మీ మామ్మకి నల్లబొట్టు పెట్టి వాట్సాప్‌లో పంపడం నాకు మనసొప్పదు.

పాత ఫోటో మీద హక్కు ఎవరిది?

1958కి ముందు తీసినవాటికి కాపీరైట్ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ తర్వాతవైనా, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులని 1957 చట్టం చెబుతుంది. అన్నదమ్ముల మధ్య ఒరిజినల్ ఎవరిదన్న గొడవకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, అందరికీ తలో కాపీ ఇస్తాను.

పేర్లు తెలియకపోతే ఏం చేయాలి?

ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ చేతికి ఇవ్వండి, ఫోన్‌లో చూపించకండి, అట్టే ఇవ్వండి. ఎవరు వీళ్ళు అని అడగొద్దు, టెన్షన్ పడి మర్చిపోతారు. పక్కన కూర్చుని ఆ ఇల్లు, ఆ నగ, ఆ కుర్చీ గురించి అడగండి. రాజోలు అవతల ఒక ఊళ్ళో తొంభై దాటిన ఒక మామ్మగారికి చూపు బాగా తగ్గిపోయింది. అట్టని ముఖానికి ఆనించేంత దగ్గరగా పెట్టుకుని, ముఖాలు వదిలేసి చేతులు వెతికారు. "ఈ వంకీ మా పెద్దత్తది, ఎడమచేతికి పెట్టుకునేది, కుడిచెయ్యి విరిగింది చిన్నప్పుడు" అన్నారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు, పదకొండు మందిలో తొమ్మిది పేర్లు. నేను మెత్తటి పెన్సిలుతో వెనక రాస్తూ పోయాను. పెన్ను వాడకండి, సిరా ఇటువైపుకి దిగుతుంది.

మీరు ఎంత తీసుకుంటారు?

ఏమీ తీసుకోను. ఆదివారాలు వస్తాను. పేర్లు చెప్పగల పెద్దవాళ్ళు ఆ రోజు ఇంట్లో ఉండేలా చూడండి, పెళ్ళిళ్ళ సీజన్లో అయితే ముందే చెప్పండి. ఫోటోలు నేను వచ్చేదాకా తుడవకండి, పటాల్లోంచి తీయకండి. వీధివైపు కిటికీ దగ్గర ఒక బల్ల ఖాళీ చేసి ఉంచితే చాలు, పొద్దున్న తొమ్మిదింటికల్లా ఉంటాను.